నిపుణులు మెచ్చారు సరే, ఆ కాగితంతో పని చేసి చూశారా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ చదువుల పేజీలో సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ మీద వచ్చిన వ్యాసం చదివాను. ప్రోగ్రామ్ ఏం చేస్తుందో రాయడం వేరు, దాన్ని అలాగే ఎందుకు కట్టాల్సి వచ్చిందో రాసిపెట్టడం వేరు అని వ్యాసకర్త మొదట్లోనే విడదీసి చెప్పారు. సంతోషం వేసింది. సాఫ్ట్‌వేర్ అంటే ఉద్యోగాలూ ప్యాకేజీలూ తప్ప ఇంకేమీ రాయని రోజుల్లో ఈ విషయానికి అరపేజీ దొరకడమే విశేషం. నా అభ్యంతరమల్లా చివరి పేరాలో ఒక్క వాక్యం మీదే. డిజైన్ వెనకున్న కారణాల్ని రాసిపెట్టడానికి నాలుగైదు పద్ధతులున్నాయనీ, వాటిలో ఏది మేలో నిపుణులు ఇప్పటికే తేల్చేశారనీ రాశారు. ఆ నిపుణులు ఎవరు? వాళ్లకి ఏం చూపించారు? ఏమని అడిగారు? ఇవేవీ చెప్పకుండా తేల్చేశారంటే నాలాంటివాళ్లం ఒప్పుకోవడం కష్టం.

నాలాంటివాళ్లం అంటే ఎవరో చెప్పాలి కదా. నేను కొత్త సాఫ్ట్‌వేర్ కట్టిన మనిషిని కాదు. ఉద్యోగమంతా వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్ని చదవడం, బాగుచేయడం, అర్ధరాత్రి ఆగిపోతే లేచి నడిపించడం. ఆఫీసులో దీన్ని మెయింటెనెన్స్ అంటారు, సపోర్ట్ అంటారు. బంధువుల దగ్గర మాత్రం ‘సాఫ్ట్‌వేర్’ అని ఊరుకుంటాం. 1990ల చివర్లో అమీర్‌పేటలో కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని వైటూకే పనుల్లో, అంటే 2000 సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాముల్లో తేదీలు తారుమారు కాకుండా సరిచేసే పనుల్లో, చేరిన తరం మాది. అమెరికాలో ఎవరో ఎప్పుడో రాసిన లక్షల లైన్ల కోడ్‌ని, రాసినవాళ్ల ముఖం కూడా చూడకుండా, హైదరాబాద్‌లో కూర్చుని చదివాం. తెలుగువాళ్లలో చాలామందికి ఈ రంగం తలుపు తెరుచుకున్నదే ఆ చదివే పనితో.

సంవత్సరానికి నాలుగంకెల బదులు రెండంకెలే వాడిన పాత ప్రోగ్రామర్లని అప్పట్లో అందరూ తిట్టారు. నేను తిట్టను. పంచ్ కార్డు మీద ఉండేవి 80 గడులు. మెమరీ అంటే చుక్కల్లో ధర. ప్రతి తేదీలో రెండు గడులు మిగిలించుకోవడం ఆ రోజుకి సరైన లెక్కే. కానీ ఆ లెక్క ఎన్నాళ్లు చెల్లుతుందో, ఏం మారితే దాన్ని తిరగదోడాలో రాసిపెట్టిన కాగితం మాత్రం మా చేతికి ఒక్కటీ రాలేదు.

తర్వాత ఒక బీమా క్లయింటు పని చూశాను. ప్రీమియం కట్టకపోతే పాలసీ ఎప్పుడు రద్దవ్వాలో లెక్కగట్టే ప్రోగ్రామ్ అది. ఒక్క రాష్ట్రం పాలసీలకి మాత్రం గడువు దాటాక ఇంకో రెండు రోజులు ఆగుతోంది. పక్కన ‘డు నాట్ చేంజ్’ అని ఒక కామెంటు, రెండు పొడి అక్షరాలు. ఆ అక్షరాల మనిషి రిటైరై పోయాడు. ఆ రెండు రోజులు తీసేయమని క్లయింటు అడిగింది. తీయడం నిమిషం పని. తీయొచ్చా లేదా తెలుసుకోవడానికే వారాలు పట్టింది. ఆ రాష్ట్ర చట్టమా? కోర్టు తీర్పా? ఎవరో పెద్దమనిషి మాటిచ్చాడా? చివరికి ఎవరి పాత మెయిల్లోనో దొరికింది: అప్పట్లో ఆ రాష్ట్రం చెక్కులు ఒక బ్యాంకు ద్వారా వచ్చేవి, ఆ బ్యాంకు రెండు రోజులు ఆలస్యంగా నమోదు చేసేది. ఆ బ్యాంకుతో ఒప్పందం ఎప్పుడో అయిపోయింది. ‘ఫలానా బ్యాంకు ఉన్నంతవరకే’ అని అప్పుడే ఒక్క లైను రాసి ఉంటే సరిపోయేది. ఏం చేస్తోందన్నది కోడే చెప్తుంది. ఇప్పుడు వచ్చిన ఏఐ టూల్సు ఇంకా ముచ్చటగా చెప్తాయి. రెండు రోజులు ఎందుకన్నది కోడ్‌లో లేదు, అందుకని ఏఐ కూడా ఊహించి చెప్పాల్సిందే.

ఇది చిన్న సంగతి. పెద్దది ప్రపంచమంతా చూసింది. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి యూరప్ వాళ్ల ఏరియాన్-5 రాకెట్ మొదటిసారి ఎగిరింది. సుమారు 40 సెకన్లకి, 3,700 మీటర్ల ఎత్తులో దారితప్పి, విరిగి, పేలిపోయింది. అందులో ఉన్న నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలూ పోయాయి. ఏరియాన్-4 నుంచి తెచ్చి పెట్టుకున్న సాఫ్ట్‌వేర్‌లో 64 బిట్ల సంఖ్యని 16 బిట్లలో ఇరికించబోతే పట్టలేదు, కంప్యూటర్ ఆగిపోయింది. ఇంతవరకు ఇంజినీరింగ్ కాలేజీల్లో అందరూ చెప్తారు. నాకు ముఖ్యమైనది వాళ్లు చెప్పకుండా వదిలేసే భాగం.

ఫ్రెంచ్ గణితవేత్త జాక్-లూయీ లియోన్స్ అధ్యక్షతన వేసిన విచారణ సంఘం నివేదికలో అది ఉంది. అలా ఇచ్చిన చోట పట్టకుండా పొంగిపోయే ప్రమాదం ఉన్న సంఖ్యలు ఏడు అని ఏరియాన్-4 ఇంజినీర్లు ముందే గుర్తించారు. నాలుగింటికి రక్షణ పెట్టారు, మూడింటికి పెట్టలేదు. కంప్యూటర్ మీద భారం 80 శాతం దాటకూడదన్న లక్ష్యం ఉండటం ఒక కారణం. ఆ మూడూ భౌతికంగా హద్దు దాటలేవు, లేదా బోలెడు మార్జిన్ ఉంది అని తర్కించుకోవడం రెండోది. ఏరియాన్-4 దారికి ఆ తర్కం నిలిచింది. ఏరియాన్-5 మొదటి సెకన్లలోనే అడ్డంగా చాలా ఎక్కువ వేగం అందుకుంటుంది, అక్కడ నిలవలేదు. ఇంతకీ ఆ నిర్ణయం ఎవరో ఒక్కరు తొందరపడి తీసుకున్నది కాదు. వివిధ కాంట్రాక్టు స్థాయిల్లోని భాగస్వాములంతా కలిసి తీసుకున్నారు. కారణం సోర్స్ కోడ్‌లో నేరుగా ఎక్కడా కనిపించలేదనీ, ఎవరూ కావాలని దాచకపోయినా గుట్టలుగా ఉన్న కాగితాల మధ్య అది బయటివాళ్ల సమీక్షకి కనపడకుండా పోయిందనీ నివేదిక చెప్పింది.

ఇంకో ముక్క కూడా ఉంది. ఆగిపోయిన ఆ లెక్క అసలు రాకెట్ లేచాక ఏరియాన్-5కి అక్కర్లేదు. ఏరియాన్-4లో ఎందుకుందంటే, చివరి క్షణాల్లో కౌంట్‌డౌన్ ఆగితే మళ్లీ 45 నిమిషాలకు పైగా పట్టే సర్దుబాటు లేకుండా వెంటనే కొనసాగించడానికి. శ్రీహరికోట ప్రయోగాలు టీవీలో చూసేవాళ్లకి కౌంట్‌డౌన్ ఆగితే ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు. ఆ సదుపాయం నిజంగా ఉపయోగపడింది ఒకే ఒక్కసారి, 1989లో. కారణం పోయింది, కోడ్ మిగిలింది.

ఇక్కడ గమనించండి. నిపుణులకి కొరత లేదు. వాళ్ల మధ్య ఏకాభిప్రాయానికీ కొరత లేదు. కాగితాలకైతే అసలే లేదు. ఆ డాక్యుమెంట్లన్నీ ఒక నిపుణుల బృందం ముందు పెట్టి ‘ఇవి సమగ్రంగా ఉన్నాయా?’ అని ఐదుకి మార్కులు వేయమంటే నాలుగున్నర వచ్చేదని నా నమ్మకం. ‘రేపు వేరే రాకెట్‌లో పెడుతున్నాం. దీని అడ్డవేగం తొందరగా పెరుగుతుంది. ఇందులో ఏ తర్కం ఇంకా నిలుస్తుంది, ఏది నిలవదు, పది పేజీల్లోపే వెతికి చూపించండి’ అని అడిగితే వచ్చే మార్కులు వేరు. కాగితాలూ అవే, మనుషులూ వాళ్లే, మారింది ప్రశ్న ఒక్కటే. అందుకే ఏమని అడిగారు అని మొదట్లోనే అడిగాను.

పద్ధతుల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, వ్యాసంలో చాలావరకు ఉంది కాబట్టి. వెర్నర్ కూంజ్, హోర్స్ట్ రిట్టెల్ 1970లోనే ఐబిస్ అని ఒకటి తెచ్చారు. సమస్య, దానికి తలో పరిష్కారం, ఒక్కోదానికి అనుకూల ప్రతికూల వాదనలు. మొదట అది సాఫ్ట్‌వేర్ కోసం పుట్టింది కూడా కాదు. 1991లో కేంబ్రిడ్జిలోని జెరాక్స్ పరిశోధకులు ప్రశ్నలు, ప్రత్యామ్నాయాలు, ప్రమాణాలు అనే మూడు వరసల పటం ఇచ్చారు. 2011లో మైకేల్ నైగార్డ్ అనే ప్రోగ్రామర్ అందర్నీ కిందికి దించి, ఒకటి రెండు పేజీల నోటు చాలన్నాడు: సందర్భం, నిర్ణయం, దాని స్థితి, పర్యవసానాలు. కోడ్‌తోపాటే పెట్టండి, నిర్ణయం మారితే పాతది చెరిపేయకండి, దాని స్థానంలో కొత్తది వచ్చిందని గుర్తు పెట్టండి అన్నాడు. ఏడీఆర్ (ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డ్) అని ఇప్పుడు కుర్రాళ్లంతా అనేది దీన్నే. నా మొగ్గు దీనివైపే, దాచను. కానీ నా మొగ్గు కూడా ఒక అభిప్రాయమే.

నిపుణుల్ని అడగడమే తప్పు అని నేను అనడం లేదు. అడగక తప్పదు కూడా. మందుని పరీక్షించినట్టు ఈ పద్ధతుల్ని పరీక్షించడం కుదరదు. ఈరోజు రాసిన కారణం ఏడేళ్ల తర్వాత ఎవరికో పనికొస్తుంది. అప్పటికి ప్రాజెక్టు చేతులు మారుతుంది, మనుషులు మారతారు, కొన్నిసార్లు కంపెనీయే ఉండదు. ఒకే సాఫ్ట్‌వేర్‌ని ఒకసారి కారణాలు రాసి, ఇంకోసారి రాయకుండా రెండుసార్లు కట్టి చూసేందుకు డబ్బు పెట్టేదెవరు? విద్యార్థుల మీద ప్రయోగాలు చేస్తారు, అవీ అవసరమే. అయితే రెండు గంటల్లో అయిపోయే ప్రయోగంలో మతిమరుపు అనే అసలు శత్రువు ఉండదు. అందుకని అనుభవం ఉన్నవాళ్లని కూర్చోబెట్టి అడుగుతారు. ఇంగ్లండ్‌లో బార్బరా కిచెన్‌హామ్ 1990లలో సాఫ్ట్‌వేర్ పద్ధతుల్ని ఎలా బేరీజు వేయాలో డెస్మెట్ పేరుతో ఒక వరస ఇచ్చారు. ప్రయోగాలు, కేస్ స్టడీలు, సర్వేలతోపాటు నిపుణుల అభిప్రాయానికీ అందులో చోటుంది. చవకగా, త్వరగా అయ్యే పని, తప్పు తేలే ప్రమాదమూ ఎక్కువే. ఆ సంగతి తెలిసి వాడుకుంటే ఇబ్బంది లేదు.

నా పేచీ నిపుణులు అని ఎవర్ని అంటున్నాం అన్నదాని దగ్గర. 2009లో డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు కలిసి ఒక పత్రం రాశారు. ఇద్దరివీ ఎదురెదురు శిబిరాలు. అగ్నిమాపక అధికారులు క్షణాల్లో తీసుకునే నిర్ణయాల్ని చూసి అనుభవాన్ని నమ్మినవాడు క్లైన్. నిపుణుల ఊహలు ఎంత తప్పుతాయో లెక్కగట్టి చూపించినవాడు కానెమన్. ఇద్దరూ చివరికి ఒకచోట కలిశారు. అనుభవజ్ఞుడి మనసుకి తట్టిందాన్ని నమ్మాలంటే రెండు ఉండాలి. ఆ రంగంలో ఒక క్రమం ఉండాలి, తను అనుకున్నది తప్పో ఒప్పో తెలుసుకుంటూ నేర్చుకునే అవకాశం ఆ మనిషికి ఉండాలి.

ఈ రెండో షరతుని మన సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టులకి పెట్టి చూడండి. ఆర్కిటెక్టు డిజైన్ చేస్తాడు, కారణాలు రాస్తాడు లేదా రాయడు, ప్రాజెక్టు లైవ్‌కి వెళ్లగానే ఇంకో క్లయింటు దగ్గరికి పోతాడు. తను రాసిన పేజీ నాలుగేళ్ల తర్వాత ఎవరైనా తెరిచారా, అర్థమైందా, ఆ పేజీ వల్ల ఏదైనా ప్రమాదం తప్పిందా అన్నది అతని చెవిన పడే దారే లేదు. రాయడంలో అతను నిపుణుడే, సందేహం లేదు. రాసింది పనికొచ్చిందా అన్న విషయంలో అతనికి అనుభవమే జరగలేదు. తాను కట్టిన ఇంట్లో ఒక్క వర్షాకాలమూ కాపురం ఉండని మేస్త్రిని పైకప్పు కారుతుందా అని అడిగినట్టు. ఆ కారుడు తెలిసినవాళ్లు రాత్రి షిఫ్టులో ఉంటారు. తెరిచిన ప్రతి పేజీకీ వాళ్లకి తెల్లారేలోపు ఫలితం తెలిసిపోతుంది. కానీ నిపుణుల జాబితా తయారయ్యేటప్పుడు వాళ్ల పేరు ఎవరికీ గుర్తు రాదు. పైగా డిజిగ్నేషన్‌లో ‘ఆర్కిటెక్ట్’ అన్న మాట ఉండదు.

ఇలాంటి బేరీజు ఒకటి నా కళ్లముందే జరిగింది. సంస్థ పేరు అనవసరం. మూడు నమూనాలు పెట్టారు: వాదనల పటం ఒకటి, ఒక పేజీ నోటు ఒకటి, గడులూ ఉపగడులూ ఉన్న పెద్ద ఫారం ఒకటి. సీనియర్లని కాన్ఫరెన్స్ రూములో కూర్చోబెట్టి, స్లైడ్లు చూపించి, సమగ్రత, స్పష్టత, ఉపయోగం అని మూడింటికి ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేయమన్నారు. స్లైడ్లలో ఉన్నవి ఖాళీ నమూనాలు. నింపిన కాగితం ఒక్కటి కూడా లేదు. మార్కులు వేయకముందే అందరికంటే పెద్దాయన గొంతు సవరించుకుని, ‘నాకైతే ఆ ఫారమే సమగ్రంగా ఉందనిపిస్తోంది’ అన్నారు. ఇంకేముంది, అందరికీ అదే అనిపించింది. సగటు తీశారు, ఫారం గెలిచింది, మెయిల్ వచ్చింది. నిపుణుల కమిటీ ఎంపిక అని.

ఆ ఫారాలు తర్వాత మా టీముకి రావడం మొదలైంది. ‘ప్రత్యామ్నాయాలు’ అన్న గడిలో ‘నాట్ అప్లికబుల్’. ‘కారణం’ అన్న గడిలో ‘యాజ్ డిస్కస్డ్’. ఎవరితో డిస్కస్ చేశారు, ఎప్పుడు? గడి నింపకపోతే ఫారం సబ్మిట్ అవదు కాబట్టి నింపారు, అంతే. మా టీములో పలాస నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది, ఉద్యోగంలో కొత్త. ఫారాలు రాకముందు ఎవరో పద్ధతీ పాడూ లేకుండా రాసిన ఒక పేజీ నోటుని ప్రింట్ తీసి డెస్కు మీద అంటించుకుంది. దీన్నే ఎందుకు పెట్టుకున్నావని అడిగాను.

‘ఇందులో వాళ్లు వద్దనుకున్నవి కూడా రాశారు మేడమ్. నాకు తట్టిన ఐడియాని వాళ్లు ముందే ట్రై చేసి ఎందుకు వదిలేశారో ఉంది. అది చూసుకోకపోతే ఆ రాత్రంతా నేనూ అదే ట్రై చేసేదాన్ని.’

ఆ కమిటీ మూడు కొలతల్లో ఇది ఎక్కడ ఇముడుతుందో చెప్పండి. వదిలేసిన దారులు, వదిలేసిన కారణంతో సహా రాసి ఉన్నాయా అన్నది విడిగా అడగాల్సిన ప్రశ్న. ఆ అమ్మాయిని అడిగి ఉంటే తెలిసేది. అడగలేదు.

అలాగని మెయింటెనెన్స్ వాళ్ల మాటే వేదమని కూడా నేను చెప్పను. మాకూ ఒక పక్షపాతం ఉంది. మమ్మల్నడిగితే ప్రతి కామా పక్కనా కారణం రాయమంటాం. రాసే శ్రమ మాది కాదుగా! జొనాథన్ గ్రూడిన్ అనే కంప్యూటర్ పరిశోధకుడు 1988లోనే ఈ సంగతి పట్టుకున్నాడు. పని ఒకరు చేసి లాభం ఇంకొకరు పొందే సాఫ్ట్‌వేర్‌లు ఆఫీసుల్లో నిలబడవని చెప్పాడు. డిజైన్ కారణాలు రాయడం అచ్చంగా అలాంటి పని. కాబట్టి రాసేవాళ్లనీ అడగాలి, కాకపోతే వాళ్లకి తెలిసిందే అడగాలి. ఇది రాయడానికి ఎంతసేపు పట్టింది, డెడ్‌లైన్ వారంలో కూడా రాస్తారా, ఏ గడి దగ్గర చేతులెత్తేశారు? ఉపయోగపడిందా అన్నది చదివినవాళ్లని అడగాలి, అదీ చదివి ఒక పని చేశాక. ఈ రెండు రకాల మార్కుల్ని కలిపి సగటు తీస్తే వచ్చే అంకెకి అర్థం ఉండదు.

ఇంక అడిగే తీరు. మన ఆఫీసుల్లో పెద్దాయన ఎదురుగా చిన్నవాళ్లు కాదనరు, ఇది మర్యాదో భయమో ఏదైనా అనుకోండి. దీనికి మందు 1950లలోనే అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ కనిపెట్టింది, డెల్ఫీ పద్ధతి అంటారు. అక్కడ వాళ్లు అడిగింది అణుబాంబుల లెక్క లెండి. నార్మన్ డాల్కీ, ఓలాఫ్ హెల్మర్ ఏడుగురు నిపుణుల్ని ఒకచోట చేర్చకుండా, విడివిడిగా ప్రశ్నపత్రాలు పంపి, మిగతావాళ్ల వాదనలు పేర్లు లేకుండా చూపించి, మళ్లీ మళ్లీ అడిగారు. 1963లో ఆ వివరాలు అచ్చయ్యాయి. ఎవరు అన్నారో తెలియకపోతే ఏమన్నారో వింటాం. మనకి ఇది అందరికంటే ఎక్కువ అవసరం.

ఏకాభిప్రాయం కుదిరింది అన్న మాటని కూడా కాస్త గీకి చూడాలి. ఇద్దరు నిపుణులు ఉన్నారనుకోండి. ఇద్దరికీ చూపించిన ప్రతి పదింటిలో ఎనిమిదింటికి ‘బాగుంది’ అనే అలవాటు. ఒకరి కాగితం ఒకరు చూడకుండా, అసలు చదవకుండా గుడ్డిగా టిక్కులు పెట్టినా నూటికి 68 సార్లు ఇద్దరి జవాబూ ఒకటే అవుతుంది. ఇద్దరూ బాగుందనడానికి 64, ఇద్దరూ బాగోలేదనడానికి 4. అప్పుడు ‘70 శాతం ఏకీభవించారు’ అన్న వార్తలో వార్త ఎంత? జాకబ్ కోహెన్ ఈ కాకతాళీయాన్ని తీసేసి లెక్కగట్టే కప్పా అనే కొలతని 1960లోనే ఇచ్చాడు. ఇక సగటుల సంగతి. ఒకరు ఐదు, ఒకరు ఒకటి వేసినా సగటు మూడే, ఇద్దరూ మూడు వేసినా మూడే. మొదటి జంట ఎందుకు తగువులాడుతోందో తెలుసుకుంటే ఆ పద్ధతి ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చేయదో బయటపడుతుంది. సగటు దాన్నే పాతిపెడుతుంది.

ఇదంతా కంపెనీల గొడవ, పాఠకులకెందుకు అంటారేమో. మన రిజిస్ట్రేషన్ ఆఫీసులు 1998లో కార్డ్ ప్రాజెక్టుతో కంప్యూటర్లెక్కాయి. 2011లో మీసేవ వచ్చింది. అప్పట్నుంచి భూమి, రేషను, పెన్షను అన్నీ ఏదో ఒక ప్రోగ్రామ్ చేతిలోనే ఉన్నాయి. ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఒక సంస్థ చేతినుంచి ఇంకో సంస్థ చేతికి మారినప్పుడు కోడ్ ఇస్తారు, యూజర్ మాన్యువల్ ఇస్తారు. ఫలానా సర్వే నంబర్లకే ఈ నిబంధన ఎందుకు పెట్టారు, ఏ జీవో వల్ల పెట్టారు, ఆ జీవో రద్దయితే ఏం తీసేయాలి అన్నది రాసి ఇవ్వమని టెండర్లో అడగొచ్చు. అడిగితే, ఆ కాగితాలు సరిపోతాయో లేదో చూసే నిపుణుల కమిటీలో ప్రొఫెసర్ల పక్కన ఆ ప్రోగ్రామ్‌తో రోజూ వేగే ఆపరేటర్‌నీ, దాన్ని తీసుకోబోయే కొత్త సంస్థ నుంచి ఒక జూనియర్‌నీ కూర్చోబెట్టమని నా విన్నపం.

కాలేజీల్లో ఇంకా తేలిక. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు రిపోర్టులు నేనూ కొన్ని చూశాను, తెలిసినవాళ్ల పిల్లలు దిద్దమని తెస్తుంటారు. వంద పేజీలుంటుంది. సగం స్క్రీన్‌షాట్లు, మిగతా సగం సీనియర్ల రిపోర్టు నుంచి దిగినవి. డేటాబేస్‌కి మైఎస్‌క్యూఎల్ ఎందుకు తీసుకున్నావమ్మా అంటే, సర్ అదే చెప్పారు ఆంటీ అంటారు. పోనీ, అదీ ఒక కారణమే, రాయమంటాను! వైవాలో ఎక్స్‌టర్నల్ వచ్చి డయాగ్రాములు చూసి మార్కులు వేసే బదులు, ఈ ఏడాది రిపోర్టుని వచ్చే ఏడాది బ్యాచ్ చేతికిచ్చి, అందులో ఒక మార్పు చేయమని చూడొచ్చు. రిపోర్టు ఎలా ఉందో ఆ జూనియర్లు చెప్తారు. ఖర్చు కూడా ఏమీ లేదు.

మీ వ్యాసకర్తకి ఒక చిన్న మనవి. ఆయన చెప్పిన నిపుణుల మార్కుల కాగితాలు దగ్గరుంటే సగటు కాకుండా విడివిడిగా, అడిగిన ప్రశ్నలతో సహా అచ్చువేయండి. వాళ్లలో ఆ నమూనాతో రాసిన పాత కాగితం పట్టుకుని నిజంగా ఒక మార్పు చేసి చూసినవాళ్లు ఎంతమందో కూడా రాయండి. ఒక్కరూ లేకపోతే, మా పాత టీమువాళ్లం ఇద్దరు ముగ్గురం ఊళ్లోనే ఉన్నాం. ఆ నమూనాలో నింపిన నిజమైన కాగితం ఏదైనా మీరు పంపితే, దాన్ని ఒక పాత మార్పు మీద పెట్టి చూసి, ఎక్కడ పనికొచ్చిందో ఎక్కడ చిక్కుకుపోయామో రాసి పంపుతాం. ఖాళీ ఫారం మాత్రం వద్దు.

ఇట్లు,
ఒక విశ్రాంత సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని,
కూకట్‌పల్లి, హైదరాబాద్